పెద్దాయనకీ అంతే

అంతేగారిలో ఉన్న అవలక్షణం ఒక్కటే. ఏ పిల్లకి గానీ, ఏ పిల్లాడికి గానీ ఏ లోపం కనబడినా, దాన్ని అప్పటికప్పుడు తీసుకెళ్ళి మా దేశనాయకుడికి అంటగట్టేవారు.

దేశనాయకుడంటే అల్లాటప్పా నాయకుడు కాదు. తపాలా బిళ్ళల మీదా, బడిగోడల మీదా ఉండే మనిషి. ఆయన పోయి చాలా కాలమైనా దేశమంతా ఇప్పటికీ 'పెద్దాయన' అనే అంటుంది. ఆయన కాపురమున్న ఇల్లే మా స్మారక భవనం. దానికి నేను పర్యవేక్షకుణ్ణి. చరిత్రలో పట్టా పుచ్చుకుని, పెద్దాయన కళ్ళజోడు మీద దుమ్ము పడకుండా, పెద్దాయన కీర్తి మీద మచ్చ పడకుండా చూసినందుకు జీతం తీసుకునేవాణ్ణి. మొదటి పనికి ఒక గుడ్డపీలిక చాలు. రెండో పని మాత్రం, అంతేగారు మా దగ్గర గైడుగా ఉన్నంతకాలం, బ్రహ్మదేవుడి వల్ల కూడా అయ్యేది కాదు.

ఆయనకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది వాళ్ళ అక్కగారికీ, జీతాలిచ్చే గుమస్తాకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. మాకు అంతేగారు. పిల్లలకు అంతే తాతయ్య.

భవనం గోడల మీద నేను స్వయంగా కూర్చి రాయించిన పలకలు ఉండేవి. ముందుగదిలోది అన్నింటికన్నా పెద్దది. 'పెద్దాయన బాల్యం నుంచే నిర్భయులు, ఏకసంథాగ్రాహి, మితభాషి. జీవితంలో ఒక్క అబద్ధమాడి ఎరుగరు.' చక్కటి వాక్యాలు. ఇప్పటికీ వాటిలో ఒక్క అక్షరం తీసెయ్యడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ పలక ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి చూడండి. మొదటివాడు ఆవలిస్తాడు. ఆవలింత చివరివాడి దాకా పాకి, టీచరు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఏకసంథాగ్రాహి గురించి వినడానికి, అదే పాఠాన్ని పదిసార్లు చదివినా బుర్రకెక్కనివాడికి ఏం సరదా?

అంతేగారి పద్ధతి వేరు. బడి బస్సు వచ్చి గేటు ముందు ఆగగానే, దిగేవాళ్ళ వంక ఆయన చూసేవారు కాదు. దిగనివాళ్ళ కోసం చూసేవారు. ప్రతి బస్సులోనూ చివరికి ఒకరు మిగులుతారు. ముఖం పాలిపోయి, చొక్కా తడిసి, తోటివాళ్ళు ముక్కులు మూసుకుని దూరం జరగ్గా, బస్సు మెట్టు మీద హత్య చేసినవాడిలా నిలబడి ఉంటారు. భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ళ సీసా, జేబులో నిమ్మకాయతో అంతేగారు అక్కడికి చేరేవారు.

"ఏం నాన్నా, బస్సు పడలేదా?"

పడలేదన్నట్టు తల ఊగేది.

"పెద్దాయనకీ అంతే."

"నిజంగానా తాతయ్యా?"

"నిజంగానా ఏమిట్రా! బస్సు హారను వినబడితే చాలు, ఆయనకి కళ్ళు తిరిగేవి. నిమ్మకాయ వాసన చూడు. ఇదే చూసేవారు."

ఇదే నిమ్మకాయ కాదని నేను ఎన్నోసార్లు అనబోయి ఊరుకున్నాను. అప్పటిదాకా ముక్కు మూసుకున్నవాళ్ళు ముక్కు వదిలి, వాడి వంక అసూయగా చూసేవారు. ఒకసారి క్లాసు లీడరు ముందుకొచ్చి, "తాతయ్యా, నాక్కూడా కొంచెం తిప్పినట్టే ఉంది" అని అర్జీ పెట్టుకున్నాడు.

పొట్టివాళ్ళొస్తే పెద్దాయన పొట్టి. ఒక గడుగ్గాయి అడిగింది: "మరి ఆయన మంచం ఇంత పొడుగుందేం తాతయ్యా?"

"పొట్టి కాబట్టే! పొడుగు మంచం మీద పడుకుంటే కాళ్ళు సాగుతాయేమోనని ప్రత్యేకంగా చేయించుకున్నారు."

"సాగాయా?"

"సాగలేదు. అయినా ఆయన్ని పట్టుకోవడానికి ఆరుగురు పోలీసులు రావాల్సి వచ్చింది, తెలుసా?"

అదే రోజు మధ్యాహ్నం బడిలో అందరికంటే పొడుగ్గా పెరిగిపోయి, ఆ పొడుగు దాచుకోవడానికి నడుము వంచి నడిచే అమ్మాయి ఒకతె వచ్చింది. అదే మంచం. అదే గైడు. "చూశావా తల్లీ, ఇంత మంచం చేయించినా ఆయన కాళ్ళు ఇవతలికి వచ్చేవి. పెద్దాయనకీ అంతే. అయినా ఎవరి ముందూ నడుం వంచలేదు." ఆ పిల్ల భవనంలోకి గూనితో వచ్చి, గడకర్రలా బయటికి వెళ్ళింది.

అద్దాల బీరువాలో పెద్దాయన టీ కప్పు ఉండేది. దుమ్ము తుడవడానికి తాళంచెవి అంతేగారి దగ్గరే ఉండేది. పొద్దున కప్పు పిడి కుడివైపు ఉండేది. మధ్యాహ్నం చూస్తే ఎడమవైపుకి తిరిగి ఉండేది. దాన్నిబట్టి నేను, 'ఓహో, ఇవాళ ఎడమచేతివాటం పిల్లలెవరో వచ్చారు' అని తెలుసుకునేవాణ్ణి. చరిత్ర తనంతట తాను మలుపు తిరుగుతుందని చదువుకున్నాను గానీ, ఇలా చేత్తో తిప్పుతారని నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు ఉండబట్టలేక నా గదిలోకి పిలిచాను.

"ఏమండీ, మీకు చరిత్రంటే భయం లేదా?"

"ఎందుకు లేదండీ, చచ్చేంత భయం" అన్నారు చేతులు కట్టుకుని. "పెద్దాయనకీ అంతే."

ఇక ఆ మాట పెద్దవాళ్ళ మీద కూడా ప్రయోగించడం మొదలుపెట్టారు. టికెట్లిచ్చే అమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చేది. నేను గడియారం చూపించి గట్టిగా నాలుగు మాటలు అనబోయేలోగా పక్కనుంచి సన్నగా వినబడేది: "పెద్దాయనకి ఎన్ని రైళ్ళు తప్పిపోయాయో, పాపం." మర్నాడు ఆ అమ్మాయి మరింత దేశభక్తితో, మరింత ఆలస్యంగా వచ్చేది.

వ్యవహారం ముదిరింది పెద్ద బడి ప్రధానోపాధ్యాయురాలు రావడంతో. ఆవిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆరో తరగతిలో సగం మంది లెక్కల్లో తప్పారండీ."

"అయ్యో."

"నిలబెట్టి అడిగితే ఏమన్నారో తెలుసా?"

తెలుసు. అయినా మర్యాద కోసం, "ఏమన్నారండీ?" అన్నాను.

"పెద్దాయనకీ అంతేనట! మీ గైడు చెప్పాడట! పెద్దాయనకి లెక్కలు రాకపోతే ఈ దేశానికి మొట్టమొదటి బడ్జెట్టు ఎవరు వేశారండీ?"

గుమ్మం దగ్గర్నుంచి వినయంగా ఒక గొంతు వినబడింది. "అందుకే కదమ్మా దేశం ఇలా ఉంది!"

ఆవిడ నా దగ్గర్నుంచి తిన్నగా ట్రస్టు కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. మా కార్యదర్శిగారు, నవ్వు ట్రస్టు నియమావళికి విరుద్ధమని నమ్మే మనిషి. ఆయన ఫోనులో చెప్పింది చాలా కొద్ది. "పుట్టినరోజు సభకి పెద్దాయన అమ్మాయిగారు వస్తున్నారు. ఇన్నేళ్ళకి మొదటిసారి. ఆవిడ చెవిన ఆ మనిషి కూత ఒక్కటి పడిందా, ఆ సాయంత్రమే ఇంటికి పంపించెయ్యండి. పంపాల్సింది మీరే."

కీర్తికి కాపలా కాసేవాడిగా నేను సంతోషించాల్సిన మాట. సంతోషం రాలేదు. అంతేగారి ఇంట్లో ఉన్నది అక్కగారొక్కరే. ఆవిడకు బ్రహ్మచెముడు. ఆ ఇంట్లో కూర్చుని ఆయన ఎవరికి ఏ లోపం చూసి ఏం చెప్పుకుంటారు? చెప్పినా వినబడదు.

పిలిచి విషయం చెప్పాను.

"ఆరోజు మీరు నోరు విప్పకూడదు."

"విప్పనండీ."

"ఎవరిలో ఏం కనబడినా సరే."

"కళ్ళు కూడా విప్పనండీ."

"వెనక గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చోండి. అటు ఎవరూ రారు. సభ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు. మాట బయటికొస్తే ఉద్యోగం పోతుంది."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. నేను ఆ మాట కోసం ఎదురు చూశాను. రాలేదు. "పెద్దాయనకి అసలు ఉద్యోగమే లేదు కదండీ, పోవడానికి" అని, నీరసంగా వెళ్ళిపోయారు.

పుట్టినరోజు వచ్చింది. హాల్లో పిల్లలు, టీచర్లు, వేదిక మీద పెద్దాయన పటం. వక్తృత్వ పోటీ: 'పెద్దాయన జీవితం, మనకు ఆయన ఇచ్చినది.' ముందు గేటు దగ్గర కార్యదర్శిగారు, పూలగుత్తితో నేను. ఎండ నెత్తికెక్కుతోంది గానీ కారు జాడ లేదు. అప్పుడు టికెట్ల అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ అమ్మాయి పరిగెత్తడం చూడటం నాకదే మొదలు.

నా చెవి దగ్గరికి వచ్చి, "సార్, అమ్మాయిగారి కారు వెనక గేటు దగ్గర ఆగింది సార్! ఆవిడకి కొండదారిలో కడుపులో తిప్పిందట. నలుగురిలో దిగలేక అటు పొమ్మన్నారట. అంతేగారు తువ్వాలు ఇస్తున్నారు సార్!" అంది.

పూలగుత్తి కార్యదర్శిగారి చేతిలో కుక్కి, వెనక్కి పరిగెత్తాను.

అంతేగారి స్టూలు మీద, నెరిసిన జుట్టు, నలిగిన చీరతో, ఒక పెద్దావిడ తల వంచుకుని కూర్చుని ఉంది. చేతిలో నిమ్మకాయ. అంతేగారు నీళ్ళు పోస్తున్నారు. ఆవిడెవరో ఆయనకి తెలియదని చూడగానే అర్థమైంది.

"చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ" అంటోంది ఆవిడ. "ఇంత వయసొచ్చింది, కారెక్కితే చాలు. సిగ్గుచేటు."

"సిగ్గెందుకమ్మా! పెద్దాయనకీ అంతే."



ఆవిడ తలెత్తింది. "ఏ పెద్దాయనకి?"

"మనకున్నది ఒక్క పెద్దాయనేగా తల్లీ. ఆయన ఊరూరా దిగి జనాన్ని ఎందుకు పలకరించేవారనుకున్నారు? కారు ఆపకపోతే కడుపు ఆగేది కాదు. ఎలాగూ దిగాం కదా అని నాలుగు మాటలు మాట్లాడేవారు. జనం పోగయ్యేవారు. ఉద్యమం అలా మొదలైందమ్మా!"

నేను ఆవిడ వెనక నిలబడి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, వద్దు వద్దని తల ఊపాను. అంతేగారు నన్ను చూసి జాలిపడ్డారు.

"అదుగో, మా సారుకి కూడా వికారంగా ఉన్నట్టుంది. ఉండండి సార్, మీకూ నీళ్ళిస్తాను."

"పెద్దాయనకి పిల్లలున్నారా?" అని అడిగింది ఆవిడ, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

"ఒక్కతే కూతురమ్మా. ఆవిడకీ ఇంతేనట. కారు పడదు. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది చెప్పండి!"

ఆవిడ తువ్వాలు ముఖానికి అదుముకుని అలాగే ఉండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. అయిపోయింది, ఏడిపించేశాడు మహానుభావుడు, అనుకున్నాను. ముందుకొచ్చి, "అమ్మా, నమస్కారం. పెద్దాయన అమ్మాయిగారికి స్మారక భవనం తరఫున స్వాగతం" అన్నాను.

నీళ్ళ సీసా కింద పడింది.

ఆవిడ లేచి నిలబడింది. తువ్వాలు తిరిగివ్వలేదు. "ఇది నా దగ్గర ఉండనివ్వండి. తిరుగు ప్రయాణం ఉంది కదా" అని మాత్రం అంది.

పోటీ మొదలైంది. మొదట ఒక బుడతడు వేదిక ఎక్కాడు. మైకు వాడి నుదుటికి తగిలింది. "పెద్దాయన చాలా పొట్టివారు. అయినా ఆయన్ని పట్టుకోవడానికి ఆరుగురు పోలీసులు వచ్చారు!" చప్పట్లు. తర్వాత గడకర్రలాంటి అమ్మాయి వచ్చింది. "పెద్దాయన చాలా పొడుగు. మంచం చాలేది కాదు. అయినా ఎవరి ముందూ నడుం వంచలేదు!" అంది. హాల్లో చిన్న కలకలం.

"పెద్దాయనకి చీకటంటే భయం" అంది ఇంకో పిల్ల. "అయినా జైల్లో దీపం లేని గదిలో పెడితే, పాటలు పాడుకుంటూ ఉన్నారు కానీ క్షమాపణ చెప్పలేదు." ఒకడు పెద్దాయనది ఎడమచేతివాటమన్నాడు. ఇంకొకడు గోళ్ళు కొరికేవారన్నాడు. "ఎందుకంటే జైల్లో కత్తెర ఇవ్వరు." ఆరో తరగతివాడొకడు ఛాతీ విరుచుకుని, "పెద్దాయన లెక్కల్లో తప్పారు. అయినా ప్రతి ఊరికీ ఒక బడి కట్టించారు. ఆ బడుల్లో లెక్కలు కూడా పెట్టించారు. అది ఆయన గొప్పతనం!" అన్నాడు.

ప్రధానోపాధ్యాయురాలు తల పట్టుకుంది. కార్యదర్శిగారి ముఖం ఆముదం తాగినట్టు ఉంది. ఆ ముఖం మెల్లగా నా వైపు తిరిగి, అలాగే నిలిచిపోయింది. నేను మటుకు ఒక విషయం గమనిస్తూ కూర్చున్నాను. నా పలకల్లోని వాక్యం ఒక్క పిల్లకీ గుర్తులేదు. కానీ జైలు గుర్తుంది, బడులు గుర్తున్నాయి. 'అయినా' దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరి గొంతూ పెరుగుతోంది.

అమ్మాయిగారు మాట్లాడటానికి లేచింది. చేతిలో ఇంకా ఆ తువ్వాలే.

"పిల్లలూ, మా నాన్న పొట్టా పొడుగా, కుడిచెయ్యా ఎడమచెయ్యా అని నన్నడగొద్దు. ఆయన మీ అందరికీ దొరికారు. ఇంటికి మాత్రం ఎప్పుడో గానీ దొరికేవారు కాదు. చిన్నప్పట్నుంచీ నన్ను చూసినవాళ్ళందరిదీ ఒకటే పాట. ముక్కు వాళ్ళమ్మది, మాట వాళ్ళ మేనత్తది, ధైర్యం ఎవరిదీ కాదు, తండ్రి పోలిక ఒక్కటీ రాలేదే, అని. ఆ మాట వినాల్సొస్తుందనే ఇన్నేళ్ళూ ఈ గుమ్మం ఎక్కలేదు. ఇవాళ మీ వెనక గేటు దగ్గర ఒక పెద్దమనిషి, నాలో మా నాన్న పోలిక ఉందని చెప్పాడు. జన్మలో మొదటిసారి." ఆగి తువ్వాలు పైకెత్తి చూపించింది. "వాంతులు! పోనీలెండి, ఏదో ఒకటి."

హాలు పగిలేలా నవ్వారు. ఆవిడ కూడా నవ్వుతోంది.

"ఇకనుంచి ఏటా వస్తాను. కార్యదర్శిగారూ, వెనక గేటు దగ్గర ఆ స్టూలూ, ఆ మనిషీ ఉండాలి."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కార్యదర్శిగారు. పదవిలో ఉన్నవాళ్ళకు గాలి ఎటు వీస్తోందో ముందు తెలుస్తుంది.

సభయ్యాక నా గదిలో టీ. అమ్మాయిగారు, నేను, గోడకు ఆనుకుని అంతేగారు. ఉద్యోగం నిలిచిందని ఎంత చెప్పినా ఆయన దోషిలాగే నిలబడ్డారు.

"మా నాన్నకి నిజంగా కారు పడేది కాదా?" అని అడిగింది ఆవిడ.

"నాకు తెలియదమ్మా."

"పడేది. ఎక్కితే దిగేదాకా గుర్రుపెట్టి నిద్రపోయేవారు. లెక్కలు కూడా బాగా వచ్చు. మరెందుకండీ ఇవన్నీ?"

అంతేగారు తువ్వాలు లేని భుజం తడుముకున్నారు. "చిన్నప్పుడు ఆయన సభకి మా అమ్మ తీసుకెళ్ళిందమ్మా. జనంలో తప్పిపోయాను. ఏడుస్తున్నాను. ఆయన వేదిక దిగి వెళ్తూ నన్ను చూశారు. ఎత్తుకుని, 'ఏడవకురా, చిన్నప్పుడు నేనూ ఇలాగే తప్పిపోయాను' అన్నారు. అంత గొప్పాయన కూడా తప్పిపోయాడంటే నాకు ఠక్కున ఏడుపు ఆగిపోయింది. మైకులో పిలిపిస్తే మా అమ్మ వచ్చింది. నేను చెప్పేవన్నీ కల్పించినవేనమ్మా, కాదనను. కానీ ఆ ఒక్కటీ నిజం. ఆయన నోటితో ఆయనే చెప్పారు."

ఆవిడ కప్పు కింద పెట్టింది. పెదవులు బిగబట్టింది. ఆగలేదు, నవ్వేసింది.

"మా నాన్న ఎక్కడండీ తప్పిపోయేది! ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, మా నానమ్మ ఆయన్ని మీసాలు వచ్చేదాకా వీధి గుమ్మం దాటనిచ్చేది కాదు. బడికి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఊళ్ళో అదో పెద్ద కథ!"

అంతేగారు ఆవిడ వంక చూశారు. నా వంక చూశారు. ఆ తర్వాత తలుపులోంచి కనబడే ముందుగది పలక వంక చూశారు.

"సార్" అన్నారు హీనస్వరంతో. "జీవితంలో ఒక్క అబద్ధమాడి ఎరుగరని మీరే కదండీ రాయించారు. అంటే పెద్దాయన... ఏడుస్తున్న పిల్లాడితో... నోటికొచ్చింది కల్పించి చెప్పేశారంటారా?"

ముఖం చూస్తే బస్సు మెట్టు మీద చివరగా మిగిలిన పిల్లాడి ముఖమే. నేను లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"బాధపడకండి" అన్నాను. "పెద్దాయనకీ అంతే."

నా సర్వీసు మొత్తంలో, సాక్షి ఎదుట నిలబడి, ఆధారంతో సహా నేను పలికిన చారిత్రక సత్యం అదొక్కటే.